కుండల్లో లేమి: బ్లడ్ రిపోర్టుల గ్రీకు తోకలు

“పేరే ఇంత పొడుగుంది, పిల్లోడు దక్కుతాడా నాయనా?”

పుత్తూరు నుంచి తొలి బస్సుకే తిరుపతి వచ్చేసిన మా పెద్దత్త, కాఫీ కూడా ముట్టకుండా అడిగిన మొదటి మాట ఇది. మనవడికి అయిదు రోజులుగా జ్వరం. చేతిసంచిలో టిఫిన్ డబ్బా కింద నాలుగు మడతలు పెట్టి దాచుకున్న కాగితం తీసి నా ముందు పరిచింది. ముందురోజు చేయించిన బ్లడ్ టెస్ట్ రిపోర్టు. అంకెలన్నీ అయ్యాక అడుగున లావు అక్షరాల్లో ఒక్కటే మాట: థ్రాంబోసైటోపీనియా. పైన ప్లేట్‌లెట్ల వరుసలో 0.85 అని ఉంది. రాత్రంతా ఆమెకు నిద్ర లేకుండా చేసినవి ఆ పేరూ, ఈ అంకే. “ఒకటి గూడా లేదంట గదా, సున్నా పాయింటు అని రాసిండారు” అంది.

ఆ 0.85 పక్కన చిన్న అక్షరాల్లో ‘లక్షలు’ అని ఉంది. మైక్రోలీటరు నెత్తురులో, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతులో, 85 వేల ప్లేట్‌లెట్లన్న మాట. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. తగ్గాయి, నిజమే. కానీ ఒకటి కూడా లేకపోవడం కాదు. ఇక ఆ పొడుగు పేరంటారా, ఆ అంకె చెప్పినదానికంటే ఒక్క ముక్క కూడా అది ఎక్కువ చెప్పదు. ‘ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి’ అనే సంగతినే గ్రీకులో చెబుతుంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు మెడికల్ టెర్మినాలజీ చెబుతాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే క్లాసు కాబట్టి నిద్ర క్లాసు అని పేరు. వాళ్లను మేలుకొలపడానికి మొదటిరోజే ఒక మాట చెబుతాను: తల చూసి భయపడొద్దు, తోక చూడండి. మాట మొదట్లో ఉన్నది ఏ కణం గురించో, ఏ పదార్థం గురించో చెబుతుంది. దానికి ఏమైందో చెప్పేది తోక. తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఊరు ఒకటే, ఊరికి, ఊర్లో, ఊరినుంచి అని తోక మారితే కథ మారిపోతుంది. తోకతోనే బతికే భాష మనది.

పెద్దత్త రిపోర్టులోని మాటనే విప్పుదాం. థ్రాంబోస్ అంటే గ్రీకులో గడ్డ, పెరుగులా పేరుకున్న ముద్ద. నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడేవి ప్లేట్‌లెట్లు కాబట్టి ఆ మాట. నడుమనున్న సైటో, క్యుటోస్ అనే మాట నుంచి వచ్చింది. దానికి అసలు అర్థం బోలుగా ఉండే పాత్ర, కుండ. సూక్ష్మదర్శినిలో కణాలను చూసిన పెద్దలు వాటిని కుండలుగా ఊహించుకుని ఈ మాటను కణానికి వాడుకున్నారు. నిజానికి ప్లేట్‌లెట్ పూర్తి కణం కూడా కాదు, ఎముక మజ్జలో ఉండే ఒక పెద్ద కణం నుంచి రాలే ముక్క. అయినా పేరులో కుండే. చివరిది పీనియా. గ్రీకులో పెనియా అంటే బీదరికం. వాళ్ల పురాణాల్లో పేదరికానికి ఒక దేవత ఉంది, ఆమె పేరే పెనియా.

ఇక్కడ తెలుగులో ఒక అచ్చమైన మాట మనకోసం కాచుకుని ఉంది. లేమి. కలిమిలేములు అన్నప్పుడు లేమి అంటే పేదరికం. నిద్రలేమి అన్నప్పుడు ఉండాల్సింది లేకపోవడం, చాలకపోవడం. గ్రీకు పెనియా కూడా అచ్చం ఇలాగే బీదరికం నుంచి కొరతకు జారింది. సైటోపీనియా అంటే కుండల లేమి. ‘కలిమిలేములు కావడి కుండలు’ అనే సామెతను మన పెద్దలు రక్తపరీక్షల కోసం చెప్పలేదు గానీ, ఈ మాట అర్థం చెప్పడానికి నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు. క్లాసులో ఒకసారి చెబితే పిల్లలు మర్చిపోరు. న్యూట్రోపీనియా అంటే న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాల లేమి, ల్యూకోపీనియా అంటే తెల్లకణాల లేమి, పాన్‌సైటోపీనియా అంటే ఎర్రవి, తెల్లవి, ప్లేట్‌లెట్లు అన్నిటి లేమి. పాన్ అంటే అన్నీ. నెత్తురు దాటి బయటికి వెళ్లినా ఇదే తోక పనికొస్తుంది: ఎముకల డాక్టరు ఆస్టియోపీనియా అంటే ఎముక పలచబడిందని.

అయితే లేమి ఉందని చెప్పే మాట, లేమి ఎందుకొచ్చిందో చెప్పదు. ఒక ఇంట్లో డబ్బు లేదంటే పంట పోయిందా, ఉద్యోగం ఊడిందా, పేకాటలో తగలేశారా అన్నది ఆ మాటలో ఉండదు కదా. ప్లేట్‌లెట్ల లేమికి డెంగీ కారణం కావచ్చు, మలేరియా కావచ్చు, కాలేయం చెడి ప్లీహం ఉబ్బడం కావచ్చు, వాడుతున్న మందు కావచ్చు, మన ఒంటి రోగనిరోధక శక్తే వాటిపై తిరగబడటం కావచ్చు. గర్భిణుల్లో కొందరికి కొద్దిగా తగ్గి కాన్పు తర్వాత సర్దుకుంటాయి. అసలు లేమే లేకుండా రిపోర్టులో లేమి కనిపించడం కూడా ఉంది. కౌంట్ చూడటానికి నెత్తురు పట్టే ఊదారంగు మూత ట్యూబులో, గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొద్దిమంది నెత్తురులో ఆ రసాయనం తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపును ప్లేట్‌లెట్లుగా లెక్కించదు. కౌంట్ పడిపోయినట్టు వస్తుంది. అందుకే అనుమానం వచ్చిన శాంపిల్‌ను స్లైడు మీద పూసి కంటితో చూడమని మా పిల్లలకు పదేపదే చెబుతాం. ఈ అబద్ధపు లేమికి పేరు సూడోథ్రాంబోసైటోపీనియా. పేరు ఇంకా పొడుగు, జబ్బు మాత్రం లేదు! పేరు పొడుగును బట్టి ప్రమాదాన్ని కొలవకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

పెద్దత్తకు డెంగీ సంగతి మాత్రం విడిగా చెప్పాల్సి వచ్చింది. మనవాళ్ల కళ్లన్నీ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని స్టాక్ మార్కెట్టులా చూస్తుంటారు. అదే కాగితంలో హెమటోక్రిట్ అని ఇంకో వరుస ఉంటుంది, కొన్ని రిపోర్టుల్లో పీసీవీ అంటారు. మొత్తం నెత్తురులో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే అంకె అది. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతే నెత్తురు చిక్కబడి ఈ అంకె పెరుగుతుంది. డాక్టర్లు దాన్ని ప్లేట్‌లెట్లంత జాగ్రత్తగానూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగానూ చూస్తారు. ఎక్కడా నెత్తురు కారకుండా, అంకె తగ్గిందన్న ఒక్క కారణానికే ప్లేట్‌లెట్లు ఎక్కించడం సాధారణంగా అవసరం ఉండదు. ఈ హెమటోక్రిట్‌లోని క్రిట్ కూడా గ్రీకే. వేరుచేయడం, తీర్పు చెప్పడం అని అర్థం. ఇంగ్లిష్‌లో విమర్శకుణ్ణి క్రిటిక్ అనేది కూడా ఈ మూలం నుంచే. నెత్తురును గిర్రున తిప్పి కణాలను, నీటిని వేరుచేస్తుంది కాబట్టి ఆ పేరు.

పీనియా తర్వాత జనానికి బాగా తెలిసిన తోక ఈమియా. దీని వెనక ఉన్న గ్రీకు మాట హైమా, నెత్తురు. అనీమియా అంటే అక్షరాలా ‘నెత్తురు లేనితనం’. ఇది అతిశయోక్తే. పెద్దవాళ్లలో సుమారు అయిదు లీటర్ల నెత్తురు ఉంటుంది, అనీమియా ఉన్నవాళ్ల ఒంట్లో కూడా ఉంటుంది. తగ్గేది అందులోని హిమోగ్లోబిన్. కానీ మన ఊళ్లలో కూడా పాలిపోయిన పిల్లను చూసి “ఒంట్లో చుక్క నెత్తురు లేదు” అనే కదా అంటారు. అరిస్టాటిల్ అయితే జంతువులన్నిటినీ నెత్తురున్నవి, నెత్తురు లేనివి అని రెండుగా విడగొట్టాడు. పురుగులు, పీతలు, నత్తలు రెండో వర్గం. ఆ రెండో వర్గానికి ఆయన వాడిన మాటకూ, మన రిపోర్టులోని అనీమియాకూ మూలం ఒకటే.

ఈ మాట మొదట్లో ఉన్న ‘అన్’ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. గ్రీకులో ‘లేదు’ అని చెప్పడానికి హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ వస్తుంది. హైమాలోని హకారాన్ని వాళ్లు అక్షరంగా కాక ఊపిరిగా లెక్కేసేవాళ్లు, అందుకే అన్ చేరి, హ రాలిపోయి, అనైమియా అయింది. మనకు సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో కూడా సరిగ్గా ఇదే సూత్రం. ధర్మం కానిది అధర్మం. ఉచితం కానిది అనుచితం. ఆవృష్టి, అంటే వాన, లేకపోతే అనావృష్టి. ఇది కాకతాళీయం కాదు. గ్రీకు, సంస్కృతం ఒకే పాత భాష నుంచి చీలిన కొమ్మలు. ఇలాంటి చుట్టరికాలు రక్తపరీక్షలో అడుగడుగునా తగులుతాయి. ఎర్రకణానికి ఎరిత్రోసైట్ అని పేరు. ఎరిత్రోస్ అంటే ఎరుపు. సంస్కృతంలో దాని చుట్టం రుధిర, మొదట ఎరుపు, తర్వాత నెత్తురు. రుధిరం అని మనం వాడేది అదే. కారడాన్ని చెప్పే రియా అనే తోక (డయేరియాలో ఉన్నది) సంస్కృతపు స్రవించడానికి చుట్టం. రక్తస్రావంలో స్రావం ఉందే, అదన్న మాట. మొలలకు ఇంగ్లిష్‌లో హెమరాయిడ్స్ అంటారు. దాన్ని ముక్కలు చేసి చూస్తే రక్తమూ స్రావమూ తప్ప ఇంకేం లేవు.

మన ఆయుర్వేదం ఇదే అనీమియాను ఇంకో వైపు నుంచి చూసింది. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర ఆయుర్వేద కళాశాల పిల్లలనడిగితే పాండురోగం అంటారు. పాండు అంటే పాలిపోయిన రంగు, మహాభారతంలో పాండురాజు పేరు అదే. గ్రీకు పేరు ఎంత ఉందో చెబితే, మన పేరు ఎలా కనిపిస్తుందో చెబుతుంది. ఊళ్లో ముసలమ్మలు పిల్ల కన్ను కింది రెప్ప లాగి, లోపల ఎర్రగా ఉందా తెల్లగా ఉందా అని చూసేవాళ్లే, అది పాండురోగ పరీక్షే. డాక్టర్లు ఇప్పటికీ మొదట అలాగే చూస్తారు. స్కూలు గోడల మీద, అంగన్‌వాడీ పోస్టర్ల మీద ‘రక్తహీనత’ అని రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. హీనం అన్న మాటలో కొరతతోపాటు చిన్నచూపు కూడా ధ్వనిస్తుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అనీమియా ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. సగానికి పైగా ఆడవాళ్లను హీనత అనే మాటతో పిలవడం ఎందుకు? రక్తలేమి అంటే సరిపోయేది.

ఎంతుంటే లేమి? నూరు మిల్లీలీటర్ల నెత్తురులో, గర్భవతులు కాని ఆడవాళ్లకు 12 గ్రాముల కంటే, గర్భిణులకు 11 కంటే (నడిమి మూడు నెలల్లో 10.5 కంటే), మగవాళ్లకు 13 కంటే హిమోగ్లోబిన్ తగ్గితే అనీమియా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. ఇక్కడ కూడా పేరులో కారణం లేదు. ఇనుము చాలకపోవచ్చు, బీ12 చాలకపోవచ్చు, నెలసరిలో ఎక్కువ పోతుండొచ్చు, కడుపులో కొంకిపురుగులు ఉండొచ్చు, కిడ్నీ దెబ్బతిని ఉండొచ్చు. నలభై దాటిన మగాయన రిపోర్టులో అనీమియా అని వస్తే, బీట్‌రూట్ జ్యూస్ తాగి ఊరుకోవడం మంచిది కాదు. కడుపులోనో, పేగుల్లోనో ఎక్కడైనా నెత్తురు కారుతోందేమో వెతకాలి.

ఈమియా తోక రెండు రకాల పని చేస్తుంది. అనీమియాలో నెత్తురు గురించే చెబుతుంది. యురీమియా, బ్యాక్టరీమియా, గ్లైసీమియా లాంటి మాటల్లో మాత్రం ‘నెత్తురులో ఫలానాది ఉంది’ అని చెబుతుంది, మన ‘లో’ విభక్తిలాగా. మూత్రంలో పోవాల్సిన వ్యర్థాలు నెత్తురులో పేరుకుంటే యురీమియా. తిరగేసి చూడండి: నెత్తురు మూత్రంలోకి వస్తే హెమటూరియా. ఇంట్లో నీళ్లు, నీళ్లలో ఇల్లు అన్నంత తేడా. పరీక్షలో పిల్లలు ప్రతి ఏడూ ఈ రెండిటినీ తారుమారు చేస్తారు.

పరీక్షలో తారుమారైతే పోయేది ఒక మార్కు. ఇంట్లో తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. పలమనేరులో మా బావ షుగర్ పేషెంటు, ఇన్సులిన్ వేసుకుంటాడు. ఒకరోజు రాత్రి పది దాటాక అక్క ఫోన్ చేసింది: “మీ బావకు హైపర్ అయింది రా, చెమటలు పోస్తా ఉండాయి, చేతులు వణుకుతా ఉండాయి. ఇంకో డోసు ఇన్సులిన్ వేసేదా?” మిషన్‌లో ఎంతుందో చూడమన్నాను. 58. అది హైపర్ కాదు, హైపో. నెత్తురులో చక్కెర 70 కంటే కిందికి దిగితేనే హైపోగ్లైసీమియా అంటారు. అప్పుడు ఇన్సులిన్ వేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి తాగించమన్నాను. పావుగంటకు మళ్లీ చూస్తే 90 దాటింది. ఆయన తేరుకుని, నిద్ర చెడగొట్టానని నామీదే విసుక్కున్నాడు, అది వేరే సంగతి.

హైపర్, హైపో చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. వీటికి కూడా సంస్కృతంలో సొంత చుట్టాలున్నాయి. హైపర్‌కు ఉపరి, హైపోకు ఉప. ఉపరితలం అంటే పైభాగం. ఉపముఖ్యమంత్రి ముఖ్యమంత్రి కింద ఉంటాడు. అక్కకు అప్పటినుంచి ఇలాగే గుర్తుంది: హైపర్ అంటే ఉపరి, పైకెక్కింది, హైపో అంటే ఉప, కిందికి దిగింది. సోడియం, పొటాషియం మాటలకు కూడా ఇదే కొలబద్ద. హైపోనేట్రీమియా అంటే నెత్తురులో సోడియం దిగింది, హైపర్‌కలీమియా అంటే పొటాషియం ఎక్కింది.

ఇంతవరకూ తోకలు నమ్మకంగా నడిచాయి. ఇక దారి తప్పించేవి. తోకను గుడ్డిగా నమ్మితే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే అవుతుంది.

ల్యూకోస్ అంటే తెలుపు. ఈ ఒక్క తలకు మూడు తోకలు తగిలిస్తే మూడు మాటలు: ల్యూకోపీనియా, ల్యూకోసైటోసిస్, ల్యూకేమియా. మొదటిది తెల్లకణాల లేమి. రెండోది తెల్లకణాల కలిమి. సైట్ తర్వాత ఓసిస్ వస్తే ఎక్కువయ్యాయని. ఈ రెండూ జబ్బులు కావు, లెక్కలు. మూడోది జబ్బు, బ్లడ్ క్యాన్సర్. మా స్టూడెంటు ఒకమ్మాయి చెప్పింది. వాళ్ల పక్కింటి పిల్లోడికి టాన్సిల్స్ వాచి జ్వరమొస్తే టెస్ట్ చేయించారు. తెల్లకణాలు 16 వేలు ఉన్నాయి, మామూలుగా 4 నుంచి 11 వేలు ఉండాలి. రిపోర్టులో ల్యూకోసైటోసిస్ అని రాశారు. తల్లి ఫోన్‌లో మాట మొదటి రెండు అక్షరాలు కొట్టేసరికి, అదే పూర్తి చేసి ల్యూకేమియా చూపించింది. ఇంట్లో ఏడుపులు. పిల్లోడికి యాంటీబయాటిక్ కోర్సు అయ్యేసరికి కౌంట్ దానంతటదే దిగొచ్చింది. ఇన్‌ఫెక్షన్ వస్తే తెల్లకణాలు పెరగాలి, వాటి ఉద్యోగమే అది.

మరి క్యాన్సర్‌కు ‘తెల్ల నెత్తురు’ అని పేరెందుకు పడింది? 1845లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెనెట్, ఎవరికి వారుగా చనిపోయిన రోగుల నెత్తురును చూశారు. తెల్లకణాలు అంతులేకుండా ఉన్నాయి. బెనెట్ అది చీము అనుకున్నాడు. విర్కో అప్పటికి పాతికేళ్లయినా నిండని కుర్రాడు. చీము అని తేల్చకుండా, చూసిందాన్ని చూసినట్టు ‘తెల్ల నెత్తురు’ అని జర్మన్‌లో రాశాడు. రెండేళ్లకు దాన్నే గ్రీకులోకి మార్చి ల్యూకేమియా అన్నాడు. ఆ నిజాయితీ నాకు ఇష్టం. కారణం తెలియదు కాబట్టి కంటికి కనిపించింది మాత్రమే పేరులో పెట్టాడు. ఇప్పుడు మనకు తెలిసిందేమంటే, కొన్ని ల్యూకేమియాల్లో తెల్లకణాల కౌంట్ మామూలుగానో, అంతకంటే తక్కువగానో కూడా ఉండొచ్చు. పేరులో తెలుపు ఉంది, కౌంట్‌లో ఉండకపోవచ్చు. డాక్టర్లు ఎన్ని ఉన్నాయన్నదొక్కటే కాదు, స్లైడు మీద పచ్చి కణాలు, అంటే బ్లాస్ట్‌లు, కనిపిస్తున్నాయా అని కూడా చూస్తారు.

ఇంకో దారి తప్పించే తోక ఫీలియా, ప్రేమ. మన ప్రాంతంలో ‘ఈస్నోఫీలియా’ తెలియని ఇల్లు లేదు. పొద్దున లేస్తూనే వరసగా తుమ్మేవాళ్లను, చలికాలం రాత్రిళ్లు పిల్లికూతలు కూసేవాళ్లను “వాడికి ఈస్నోఫీలియా” అనేస్తాం, అదొక జబ్బు పేరైనట్టు. అసలు మాట ఇయోసినోఫీలియా. ఇయోసిన్ అనేది ఒక ఎర్ర గులాబీ రంగు, 1874లో హైన్రిక్ కారో తయారుచేశాడు. గ్రీకు ఉదయదేవత ఇయోస్ పేరు దానిలో ఉంది. 1879లో పాల్ ఎర్లిక్ అనే కుర్ర జర్మన్ డాక్టరు నెత్తురు స్లైడు మీద రకరకాల రంగులు పోసి చూస్తుంటే, ఒక రకం తెల్లకణం ఈ ఇయోసిన్‌ను ఆబగా పీల్చుకుంది. ఇయోసిన్ అంటే ప్రేమ ఉన్నది కాబట్టి ఇయోసినోఫిల్. ఇయోస్‌కు సంస్కృతంలో తోబుట్టువు ఉషస్సు. సుప్రభాతంతో తెల్లవారే ఊళ్లో ఉంటూ, పొద్దున్నే తుమ్ముకునే మనం, ‘నాకు ఉషస్సును ప్రేమించే కణాలు ఎక్కువున్నాయి’ అని చెప్పుకుంటున్నామన్న మాట.

ఇక్కడ ప్రేమ రంగు మీద. జబ్బు మీద కాదు, మనిషి మీద అంతకంటే కాదు. ఇయోసినోఫీలియా అంటే ఆ కణాలు పెరిగాయని ఒక లెక్క, అంతే. అలర్జీ, ఆస్తమా, కడుపులో పురుగులు, బోదకాలు క్రిమికి ఊపిరితిత్తులు ఎదురు తిరగడం, కొన్ని మందులు, ఏదైనా కారణం కావచ్చు. ప్రతి ఇంట్లోనూ అదొక జబ్బుగా స్థిరపడటం వల్ల అసలు కారణం వెతక్కుండా మాత్రలు మింగేవాళ్లు చాలామంది.

హీమోఫీలియాలో ఇదే ఫీలియా మరీ విచిత్రంగా కూర్చుంది. అక్షరాలా చదివితే రక్తప్రేమ. చిన్న దెబ్బకే నెత్తురు ఆగకుండా కారే పిల్లవాడికి ఈ పేరేమిటి? అమెరికాలో జాన్ ఓటో 1803లో ఇలాంటి కుటుంబాల గురించి రాశాడు. 1828లో ఫ్రెడ్రిక్ హాఫ్ రాతలో హీమోఫీలియా అన్న మాట కనిపిస్తుంది. అప్పటి వైద్యంలో ఫీలియాను ప్రేమ అనే కాక ‘దానికి మొగ్గు’ అనే అర్థంలోనూ వాడేవాళ్లు. నెత్తురు కారడానికి మొగ్గు ఉన్న ఒళ్లు అని చెప్పబోయి, మాట కుదించేసరికి కారడం పోయి నెత్తురే మిగిలింది. గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టరో, తొమ్మిదో ఫ్యాక్టరో చాలకపోవడం ఈ జబ్బు. తల్లి ద్వారా ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. గమనించాల్సిందేమంటే, ఈ పిల్లల్లో ప్లేట్‌లెట్ల కౌంట్ మామూలుగానే ఉంటుంది. మామూలు బ్లడ్ టెస్ట్ చూసి ఏమీ లేదనుకుంటే పొరపాటే.

తలసీమియాలో తోక సరైనదే, తల తప్పు. పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు ఇది. తలస్సా అంటే సముద్రం. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ ఈ జబ్బున్న పిల్లల గురించి రాశాడు. ఆ కుటుంబాలు మధ్యధరా సముద్రం ఒడ్డు నుంచి వలస వచ్చినవి. 1932లో జార్జ్ విపుల్, విలియం బ్రాడ్‌ఫర్డ్ ‘సముద్రపు నెత్తురు’ అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే మన దేశంలో, ఆగ్నేయాసియాలో, సముద్రమే చూడని ఊళ్లలో కూడా ఉందని తేలింది. మదనపల్లె కొండల్లో పుట్టిన పిల్లకు కూడా ఆ సముద్రం పేరే రాస్తారు.

ఈ ఒక్క మాట దగ్గర మనవాళ్లు కొంచెం ఆగాలి. తలసీమియా జన్యువు ఒకటే ఉన్నవాళ్లకు పెద్దగా బాధ ఉండదు. హిమోగ్లోబిన్ కొద్దిగా తక్కువ, కణాలు చిన్నవి. చాలామందికి ఇనుము తక్కువనుకుని ఏళ్ల తరబడి మాత్రలు ఇస్తుంటారు, ఫలితం కనబడదు. భార్యాభర్తలిద్దరికీ ఆ జన్యువు ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు పెద్ద జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది, ఆ బిడ్డకు జీవితమంతా నెత్తురు ఎక్కించాల్సి ఉంటుంది. మేనమామను, మేనబావను చేసుకునే మన ఇళ్లలో ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండే అవకాశం బయటి సంబంధాల కంటే ఎక్కువ. హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్‌ను కొలిచే పరీక్ష ఒక్కటి చాలావరకు చెప్పేస్తుంది. జాతకాల పొంతన చూసే తీరికలో ఇది కూడా చేయించుకుంటే పోయేదేముంది?

ఓసిస్ గురించి మిగిలింది ఒకటి. సైట్ పక్కన వస్తే పెరుగుదల అన్నాను. కానీ అనైసోసైటోసిస్ అని రాస్తే పెరిగినట్టు కాదు, కణాలు సమానంగా లేవని. అన్ అంటే కాదు, ఐసోస్ అంటే సమానం. ఇనుము తక్కువైన నెత్తురులో ఎర్రకణాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చాట్లో పోసిన బియ్యంలో నూకల్లా కనిపిస్తాయి. పాయికిలోసైటోసిస్ అయితే ఆకారాలు రకరకాలుగా ఉన్నాయని. ఓమా అంటే వాపు, గడ్డ; బండి మీద నుంచి పడ్డ కుర్రాడి మోకాలికి హెమటోమా అని రాస్తే చర్మం కింద నెత్తురు పేరుకుందని అర్థం, క్యాన్సర్ అని కాదు.

నాలుగు రోజుల తర్వాత పెద్దత్త మళ్లీ వచ్చింది, ఈసారి మనవణ్ణి వెంటబెట్టుకుని. కొత్త రిపోర్టు తానే పైకి ఎత్తి పట్టుకుని, వేలు పెట్టి వరసలు దిగుతోంది. ప్లేట్‌లెట్లు 1.62. “లక్షలే గదా” అంది, నా మొహం కూడా చూడకుండా. వేలు కిందికి జారి లింఫోసైట్స్ దగ్గర ఆగింది. 44 శాతం, పక్కన చిన్న నక్షత్రం గుర్తు.

“కుండ ఉంది. దీనికి తోక లేదే నాయనా?”

“లేదత్తా. ఇది కణం పేరే. వైరల్ జ్వరం తగ్గేటప్పుడు అవి కొంచెం ఎక్కువే ఉంటాయి. డాక్టరుకు మాత్రం ఒకసారి చూపించు.”

“తోక లేకపోతే సరే” అని కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ డబ్బా కింద తోసేసింది. వాడికి ఆకలిగా ఉందట.